పాఠం చెప్పడం మానని రాయబారి: జార్జ్ కెన్నన్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. దౌత్యవేత్తగా చేసి ప్రొఫెసర్ అయిన మనిషి గురించి మాట్లాడమన్నారు నన్ను. మన దగ్గరే లేరా అంటే ఉన్నారు. కె.ఆర్. నారాయణన్ గారు ఏళ్ల తరబడి ఫారిన్ సర్వీసులో చేసి 1979లో జేఎన్‌యూకి వైస్ చాన్సలర్‌గా వెళ్లారు. ముచ్‌కుంద్ దూబే గారు విదేశాంగ కార్యదర్శిగా దిగిపోయాక అదే జేఎన్‌యూలో పాఠాలు చెప్పారు. అయినా నేను ఒక అమెరికా ఆయన్ని పట్టుకొచ్చాను, జార్జ్ ఎఫ్. కెన్నన్. ఈయన పేరు పొలిటికల్ సైన్స్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా మీకు తెలిసే ఉంటుంది, "కంటెయిన్‌మెంట్ విధానం ఎవరిది" అని, అంటే సోవియట్ యూనియన్‌ను విస్తరించకుండా అడ్డుకునే విధానం. ఆ ఒక్క మార్కు దగ్గరే ఆయన్ని వదిలేస్తాం, అది అన్యాయం.

ఈయన గురించి మామూలుగా చెప్పే కథ ఏమిటంటే, గొప్ప దౌత్యవేత్త, ప్రభుత్వంతో పడలేదు, బయటికొచ్చి ప్రొఫెసర్ అయ్యాడు అని. నేను దీన్ని తిరగేసి చెప్తాను. ఆయన మొదటినుంచీ మేష్టారే. విదేశాంగ శాఖలో ఉన్నన్నాళ్లూ పై అధికారులకు పాఠం చెప్తూనే ఉన్నారు. వినేవాళ్లు దొరికిన రెండు మూడేళ్లు వెలిగిపోయారు, వినేవాళ్లు లేకపోయేసరికి అక్కడ ఇమడలేకపోయారు.

పుట్టింది 1904 ఫిబ్రవరి 16న, మిల్వాకీలో. పుట్టిన రెండు నెలలకే తల్లి పోయింది. తండ్రి లాయరు. 1925లో ప్రిన్స్‌టన్‌లో బి.ఏ. అయింది, మరుసటేడు ఫారిన్ సర్వీసులో చేరారు. ఇంకో చిత్రం చూడండి, వాళ్ల తాతగారి వరసలో ఒకాయన ఉండేవాడు, ఆయన పేరూ జార్జ్ కెన్నన్, పుట్టినరోజూ ఫిబ్రవరి 16, ఆయన సైబీరియా అంతా తిరిగి అక్కడ జార్ ప్రవాస శిక్షలు వేసినవాళ్ల అవస్థలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. పేరూ, పుట్టినరోజూ, చివరికి రష్యా పిచ్చీ కూడా కలిసొచ్చాయి.

ఉద్యోగంలో చేరి రెండేళ్లు గడిచాయో లేదో, రాజీనామా చేసి పైచదువులకు పోతానన్నారు. పై అధికారి సర్దిచెప్పి ఆపారు. సర్వీసులోనే ఉండి, జీతం తీసుకుంటూ, యూరప్‌లో ఏదైనా అరుదైన భాష చదువుకునే ఏర్పాటు ఒకటి ఉంది, దానికి పెట్టుకో అన్నారు. కెన్నన్ రష్యన్ ఎంచుకున్నారు. అప్పటికి అమెరికాకు సోవియట్ యూనియన్‌తో దౌత్య సంబంధాలే లేవు. లేని రాయబార కార్యాలయం కోసం భాష నేర్చుకున్నారన్నమాట! బెర్లిన్‌లో చదువు, టాలిన్, రీగా నగరాల్లో ఉద్యోగం, రష్యన్ వలసదారులతో కబుర్లు, చెహోవ్ కథలు. 1933లో రూజ్‌వెల్ట్ సోవియట్‌ను గుర్తించి విలియం బుల్లిట్‌ని రాయబారిగా పంపిస్తే, ఆయన వెంట మాస్కో వెళ్లడానికి కెన్నన్ అప్పటికే తయారుగా ఉన్నారు.

మాస్కోలో ఒక సంగతి చెప్పాలి. 1937 జనవరిలో స్టాలిన్ పాత బోల్షివిక్కుల మీద బహిరంగ విచారణ పెట్టించాడు. బుల్లిట్ తరవాత వచ్చిన రాయబారి జోసెఫ్ డేవిస్‌కి రష్యన్ రాదు, కాబట్టి కెన్నన్ పక్కన కూచుని చెవిలో తర్జుమా చెప్పాలి. ముద్దాయిలు లేచి మేము ద్రోహులం, కుట్రదారులం అని అప్పజెప్తున్నారు. డేవిస్ నమ్మేశారు. కెన్నన్‌కి ఇదంతా అల్లిన నాటకమని తెలుస్తూనే ఉంది. విరామం వచ్చినప్పుడల్లా డేవిస్ విలేకరులతో ఆ ముద్దాయిల నేరం మీద తీర్పులు చెప్తుంటే, కెన్నన్‌ని ఆయనకు శాండ్‌విచ్‌లు తెచ్చిపెట్టమని పంపేవారట! ముప్ఫై ఏళ్ల తరవాత జ్ఞాపకాలు రాసుకున్నప్పుడు కూడా ఆ శాండ్‌విచ్‌ల కోపం చల్లారలేదు. తెలిసినవాడు క్యాంటీన్‌కి, తెలియనివాడు మైకు దగ్గరికి. మీలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు నవ్వుతున్నారు, అర్థమైంది.

తరవాత ప్రేగ్, బెర్లిన్. 1941 డిసెంబరులో హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించాక బెర్లిన్‌లో ఉన్న అమెరికా దౌత్య సిబ్బందినీ విలేకరులనూ తీసుకెళ్లి బాడ్ నౌహైమ్ అనే ఊళ్లో ఒక హోటల్లో నిర్బంధించారు, దాదాపు అయిదు నెలలు. అంతమందికీ బాధ్యుడు కెన్నన్. తిండి చాలడం లేదని గొణుగుళ్లు, ఒకళ్ల మీద ఒకళ్లు ఫిర్యాదులు, మూసిన గదుల్లో మనుషులు ఎలా ఉంటారో తెలుసు కదా. కాలక్షేపానికి వాళ్లలో వాళ్లే ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టుకున్నారు. అందులో రష్యా చరిత్ర పాఠాలు ఎవరివో వేరే చెప్పాలా? ఆయన మొదటి క్లాసురూము అది, జర్మన్ కాపలాలో.

ఇక 1946కి వద్దాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కెన్నన్ మళ్లీ మాస్కోలో ఉన్నారు, రాయబారి హారిమన్ వెళ్లిపోతుంటే ఎంబసీ ఈయన చేతుల్లో ఉంది. ఫిబ్రవరి 9న బల్షాయ్ థియేటర్‌లో స్టాలిన్ ఒక ప్రసంగం చేశాడు. ఇటు వాషింగ్టన్‌లో ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ వాళ్ల తలనొప్పి వేరే, ప్రపంచ బ్యాంకులో, ఐఎంఎఫ్‌లో చేరడానికి సోవియట్లు ఎందుకు ఒప్పుకోవడం లేదని. కాస్త వివరించండి అని విదేశాంగ శాఖ నుంచి అడిగారు. మామూలు అధికారి అయితే నాలుగు పేరాల్లో జవాబిచ్చి ఊరుకుంటాడు. కెన్నన్ జలుబూ జ్వరమూ సైనసూ పంటి నొప్పీ అన్నీ కలిసి మంచం పట్టి ఉన్నారు. ఏడాదిన్నరగా ఆయన రాసినవి ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు వాళ్లే నోరు తెరిచి అడిగారు. పడుకునే సెక్రటరీని పిలిచి డిక్టేట్ చేయడం మొదలుపెట్టారు. అయిదు వేల పైచిలుకు మాటల టెలిగ్రాం, ఫిబ్రవరి 22న వెళ్లింది. ఒకేసారి అంత పొడుగు పంపితే చూడటానికే బాగోదని అయిదు భాగాలు చేశారు. అది 18వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ చర్చి ప్రసంగంలా తయారైందని తరవాత ఆయనే ఒప్పుకున్నారు. నిజానికి అది లెక్చర్ నోట్సు. సోవియట్ల లోపల ఉన్న అభద్రత ఏమిటి, అది రష్యా చరిత్రలోంచి ఎలా వచ్చింది, మార్క్సిజం దానికి ముసుగు ఎలా అయింది, పైకి ఏం చేస్తారు, చాటున ఏం చేస్తారు, చివరగా మనమేం చేయాలి. ఆ చివరి భాగం చదివినవాళ్లు తక్కువ. అందులో సైన్యాల గోల పెద్దగా లేదు. మన సమాజం ఆరోగ్యంగా ఉండాలి, మన జనానికి రష్యా గురించి నిజం చెప్పాలి, వాళ్లతో పోరాడుతూ పోరాడుతూ మనమూ వాళ్లలా తయారుకాకూడదు, ఇదీ ముక్తాయింపు.

అదృష్టం ఏమిటంటే టైము కుదిరింది. అదే టెలిగ్రాం ఆరు నెలల ముందు వెళ్తే పక్కన పడేసేవారు, ఆరు నెలల తరవాత వెళ్తే తెలిసిందేగా అనేవారు, ఈ మాట కూడా కెన్నన్ చెప్పుకున్నదే. నేవీ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ దాన్ని ప్రతులు తీయించి అందరికీ పంచారు. ఏప్రిల్‌కల్లా కెన్నన్ వాషింగ్టన్‌లో ఉన్నారు. ఏ పదవి ఇచ్చారనుకుంటున్నారు? కొత్తగా పెడుతున్న నేషనల్ వార్ కాలేజీలో పాఠాలు చెప్పే పని! కల్నల్స్, నేవీ కెప్టెన్లు, ఫారిన్ సర్వీసు అధికారులు విద్యార్థులు. ఫారెస్టల్ లాంటివాళ్లు కూడా వచ్చి కూచునేవారు. ఆ ఏడాది తన జీవితంలో బాగా హాయిగా గడిచిన కాలమని ఆయన రాతల్లో తెలుస్తుంది.

1947లో జార్జ్ మార్షల్ విదేశాంగ మంత్రి అయ్యారు. యూరప్ ఆకలితో, చలితో కూలిపోయేలా ఉంది. కెన్నన్‌ని పిలిచి పాలసీ ప్లానింగ్ స్టాఫ్ అని కొత్త విభాగం పెట్టమన్నారు. సలహా ఏమైనా ఉందా సార్ అంటే "చిల్లర విషయాల జోలికి పోవద్దు" అన్నారట మార్షల్. అంతే, ఇంకో ముక్క లేదు. మూడు వారాల్లో యూరప్‌కు సాయం ఎలా చేయాలో రాసిచ్చారు, జూన్ 5న హార్వర్డ్‌లో మార్షల్ ప్రసంగం వచ్చింది, మార్షల్ ప్లాన్ అయింది. ఎవరికి ఎంత కావాలో మీరే కూచుని లెక్క వేసుకు రండి అని యూరప్ దేశాలకే వదిలేయడంలో కెన్నన్ చెయ్యి ఉంది. కెన్నన్ జీవితంలో ఒక్క పనే మిగలాలంటే నేను దీనికే ఓటేస్తాను, కంటెయిన్‌మెంట్‌కు కాదు.

అదే ఏడాది జులైలో ఫారిన్ అఫైర్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, రచయిత పేరు బదులు "ఎక్స్" అని. కొద్ది రోజుల్లోనే అది ఎవరో బయటపడిపోయింది. సోవియట్ విస్తరణను ఓపికగా, గట్టిగా, ఎక్కడికక్కడ అడ్డుకుంటూ పోతే వాళ్ల వ్యవస్థ లోపలినుంచే మెత్తబడుతుందో, విరిగిపోతుందో అన్నది సారాంశం. వాల్టర్ లిప్‌మన్ అనే పెద్ద కాలమిస్టు దాన్ని వరసగా వ్యాసాలు రాసి ఉతికేశారు, ప్రపంచంలో ప్రతి మూలకూ మనం కాపలా కాయాలా అని. నా ఉద్దేశం అది కాదు, నేను రాజకీయంగా అడ్డుకోమన్నాను గాని సైనికంగా కాదు అని కెన్నన్ బతికినంత కాలం చెప్తూనే పోయారు. ఇక్కడ నేను ఆయన్ని వెనకేసుకు రాను. ఆ వ్యాసం ఇప్పుడు చదివినా ప్రతి చోటా ఎదురు బలం అనే అర్థమే వస్తుంది. అలా రాసింది ఆయనే. క్లాసులో అయితే ఎవరో చెయ్యెత్తి "సార్, అంటే తుపాకులా?" అని అడిగేవారు, ఆయన దిద్దుకునేవారు. పత్రికలో ఆ వీలు లేదు.

మార్షల్ వెళ్లిపోయి డీన్ అచెసన్ వచ్చాక మాట చెల్లడం తగ్గింది. హైడ్రోజన్ బాంబు చేయొద్దు, ముందు సోవియట్లతో మాట్లాడదాం అని 1950 జనవరిలో ఒక పొడుగాటి పత్రం రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. ప్లానింగ్ స్టాఫ్‌లో కెన్నన్ స్థానంలో పాల్ నిట్జ్ వచ్చారు, ఆయుధాల దారి పట్టింది వ్యవహారం. అప్పుడే ప్రిన్స్‌టన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ డైరెక్టరుగా ఉన్న ఆపెన్‌హైమర్ రమ్మన్నారు, సెలవు పెట్టి వెళ్లారు. ఐన్‌స్టీన్ ఉన్న చోటు అది. అక్కడ డిగ్రీలివ్వరు, క్లాసులుండవు, చదువుకుని రాసుకోవడమే పని.

కానీ దౌత్యం ఇంకోసారి పిలిచింది, 1952లో మాస్కోకి రాయబారిగా. ఇరవై ఏళ్లు దేనికోసం తయారయ్యారో ఆ కుర్చీ దొరికింది. స్టాలిన్ చివరి నెలలు, ఎటు కదిలినా వెనక మనుషులు, రష్యన్లు ఎవరూ దగ్గరికి రారు. రాయబారి నివాసం పేరు స్పాసో హౌస్. ఆ సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి టెక్నీషియన్లు వచ్చారు, ఇంట్లో ఎక్కడో మైకు ఉందని అనుమానం. అది పనిచేస్తుంటేనే పట్టుకోగలం, మీరు ఏదో ఒకటి డిక్టేట్ చేస్తూ ఉండండి అన్నారు. రాయబారిగారు పాత రిపోర్టు ఒకటి తీసి సెక్రటరీకి గట్టిగా చదివి రాయిస్తున్నారు. పరికరాలు పట్టుకుని వాళ్లు గది గది వెతుకుతున్నారు. చివరికి స్టడీ రూములో గోడకు తగిలించిన కొయ్య రాజముద్ర, అమెరికా గద్ద బొమ్మ, దగ్గర ఆగారు. 1945లో సోవియట్ బడిపిల్లలు హారిమన్‌కి ప్రేమగా ఇచ్చిన బహుమతి అది. సుత్తితో ముందు గోడ పగలగొట్టారు, ఏమీ లేదు. ఆ బొమ్మనే పగలగొట్టారు, లోపల ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు, బయటినుంచి రేడియో తరంగం పంపితే పనిచేసే చిన్న పరికరం. ఏడేళ్లుగా ఆ గోడ వింటూనే ఉంది. వాషింగ్టన్ వినలేదని బాధపడిన మనిషికి అంత శ్రద్ధగా విన్న శ్రోత ఇంకెవరు దొరుకుతారు చెప్పండి!

అదే నెల 19న లండన్ వెళ్తూ బెర్లిన్‌లో, టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో దిగారు. మాస్కోలో జీవితం ఎలా ఉంది అని ఒక విలేకరి అడిగాడు. కెన్నన్ టక్కున, నాజీలు మమ్మల్ని నిర్బంధించినప్పటి లాగే ఉంది అన్నారు. నిజమే కావొచ్చు, కానీ రాయబారి అనే మాట కాదు. అక్టోబరు 3న సోవియట్లు ఆయన్ని పర్సోనా నాన్ గ్రాటాగా ప్రకటించారు, అంటే ఇక మా గడప తొక్కొద్దు అని. గట్టిగా అయిదు నెలలు కాలేదు చేరి. చుట్టూ ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న మేష్టారి దురద, నోరు కట్టుకోవాల్సిన ఉద్యోగం, ఈ రెండింటి మధ్య ఏది గెలుస్తుందో ఆ రోజు తేలిపోయింది.

1953లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం వచ్చింది, విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్. ఈయనకు కొత్త పోస్టింగ్ ఇవ్వలేదు. ఇవ్వకపోతే మూడు నెలలకు రిటైర్ అయిపోయినట్టే, రూలు అలా ఉంది. ఇరవయ్యేడేళ్ల సర్వీసు. ఆఖరి రోజు భవనంలో వీడ్కోలు చెప్దామంటే తెలిసిన మొహం రిసెప్షనిస్టు తప్ప ఎవరూ కనిపించలేదట. ఆవిడకే చెప్పి కారెక్కారు.

ఇక్కడితో అయిపోలేదు, ఇంకో తమాషా ఉంది. ఆ ఎండాకాలమే ఐసెన్‌హోవర్ సోవియట్ విధానం మీద మూడు బృందాలతో రహస్యంగా వాదోపవాదాలు పెట్టించారు, ప్రాజెక్ట్ సొలారియం అని. ఒక బృందానికి నాయకుడు ఎవరనుకుంటున్నారు? సాగనంపిన ఈ కెన్ననే. జులైలో వైట్‌హౌస్ కింది అంతస్తులో అధ్యక్షుడికీ క్యాబినెట్‌కూ తన వాదన వినిపించారు. డల్లెస్ ముందు వరసలో కూచుని నోరు మెదపకుండా విన్నారు, కెన్నన్ పాఠం చెప్పారు. చివరికి నెగ్గింది దాదాపు కెన్నన్ దారే, దాన్ని నడిపింది మాత్రం డల్లెస్. జ్ఞాపకాల్లో ఈ ఘట్టం రాసేటప్పుడు ఆయన ఎంత మురిసిపోయారో చదివితే తెలుస్తుంది. నాకైతే ఆయన మీద మొదటిసారి అభిమానం పుట్టింది అక్కడే, ఎందుకంటే అంతటి మేధావీ చిన్నపిల్లాడిలా సంతోషించాడు.

ప్రిన్స్‌టన్‌కు వచ్చాక ఏం చేశారు? పీహెచ్‌డీ లేదు, చరిత్రకారుడిగా శిక్షణ లేదు, వయసు దగ్గర దగ్గర యాభై. రష్యా విప్లవం నాటి అమెరికా సోవియట్ సంబంధాల మీద ఆర్కైవుల్లో కూచున్నారు. 1956లో మొదటి సంపుటం వచ్చింది, 1957లో దానికి పులిట్జర్ బహుమతి. అదే 1956లో ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. 1957-58లో ఆక్స్‌ఫర్డ్‌కు విజిటింగ్ ప్రొఫెసర్‌గా వెళ్తే హాలు పట్టనంత మంది విద్యార్థులు వచ్చారు. అక్కడున్నప్పుడే బీబీసీ రీత్ లెక్చర్స్ ఇచ్చారు, రేడియోలో. జర్మనీ నుంచి అమెరికా, సోవియట్ సేనలు రెండూ వెనక్కి తగ్గితే ఎలా ఉంటుంది అన్నారు. అప్పటికి సోవియట్ల ఉపగ్రహం స్పుత్నిక్ పైకెళ్లి నెల దాటింది, అందరికీ టెన్షన్. అచెసన్ బహిరంగంగా విరుచుకుపడ్డారు. మధ్యలో 1961 నుంచి 1963 దాకా కెనెడీ యుగోస్లావియాకు రాయబారిగా పంపారు, అమెరికా పార్లమెంటు, అదే కాంగ్రెస్, కెన్నన్ మాట వినకుండా ఆ దేశానికి వాణిజ్య రాయితీలు తీసేయబోతే విసుగొచ్చి తిరిగొచ్చేశారు. అంతకంటే చెప్పడానికి లేదు.

1966 ఫిబ్రవరి 10. వియత్నాం యుద్ధం మీద సెనేట్ విచారణ, ఆ సంఘానికి అధ్యక్షుడు సెనేటర్ ఫుల్‌బ్రైట్, టీవీల్లో లైవ్. కంటెయిన్‌మెంట్ పితామహుడనే మనిషి వచ్చి, వియత్నాం మనకు అంత ముఖ్యం కాదు, వీలైనంత త్వరగా బయటపడాలి అని చెప్తున్నారు. సీబీఎస్ చానల్ మాత్రం ఆ వాంగ్మూలం వేయకుండా పాత కామెడీ సీరియల్ వేసుకుంది. ఆ చానల్ వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ దీనికి నిరసనగా రాజీనామా చేశారు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే బాగుండదు. యుద్ధం వద్దన్న ఈ పెద్దమనిషే, యుద్ధం వద్దని వీధికెక్కిన విద్యార్థులను మాత్రం చీవాట్లు పెట్టారు. యూనివర్సిటీ అంటే లోకం గోల దూరంగా పెట్టి చదువుకునే చోటు అన్నది ఆయన ఊహ. కుర్రాళ్లు ఊరుకుంటారా, ఉత్తరాలు వెల్లువెత్తాయి, సైన్యంలో చేరి తీరాలన్న మిలిటరీ డ్రాఫ్టు వచ్చింది మాకు గానీ మీకు కాదు కదా అని. క్లాసులే లేని సంస్థలో ప్రొఫెసరు కాబట్టి రోజూ ఆ పిల్లల మొహాలు చూసే అవసరం ఆయనకు రాలేదు, అది ఆయన వాదనలో కనిపిస్తుంది. ఇంకా ఘోరం ఉంది. 1938లో ఒక వ్యాసం మొదలుపెట్టి వదిలేశారు, అందులో ఆడవాళ్లకూ, నల్లవాళ్లకూ, వలస వచ్చినవాళ్లకూ ఓటు ఉండకూడదనే ధోరణి. లాటిన్ అమెరికా గురించీ, ఆఫ్రికా గురించీ, మనలాంటివాళ్ల గురించీ డైరీల్లో చులకన మాటలు చాలా ఉన్నాయి. రష్యన్ల మనసు అంత లోతుగా చదివినవాడు మిగతా ప్రపంచాన్ని చదవడానికి ప్రయత్నించలేదు. గొప్పవాడు కదా అని దీన్ని దాటేయడం నాకిష్టం లేదు.

మన దేశానికి ఒక లంకె ఉంది, చెప్పి ముగిస్తాను. స్టాలిన్ కూతురు స్వెత్లానా, ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్‌కు చెందిన బ్రజేష్ సింగ్‌తో కలిసి బతికింది. ఆయన చనిపోతే అస్థికలు తీసుకుని 1966 డిసెంబరులో భారత్ వచ్చింది. 1967 మార్చిలో ఢిల్లీలో అమెరికా ఎంబసీ మెట్లెక్కి ఆశ్రయం అడిగింది. ఆవిడ రాతప్రతి చదివి, వెళ్లి కలిసి, అమెరికా చేరాక తన పొలంలోని ఇంట్లో ఉండనిచ్చింది కెన్నన్ కుటుంబమే. పెన్సిల్వేనియాలో ఆ పొలం ఉన్న ఊరి పేరు ఈస్ట్ బెర్లిన్, నేను కల్పించడం లేదు. స్టాలిన్ ప్రభుత్వం వెళ్లగొట్టిన మనిషి ఇంట్లో స్టాలిన్ కూతురు!

ఒక చీటీ వచ్చింది. "రాయబారిగా గొప్పవాడా, ప్రొఫెసర్‌గా గొప్పవాడా?" మంచి ప్రశ్న. రాయబారిగా రెండు చోట్లా విఫలమయ్యారు, మొహమాటం లేకుండా అదే చెప్పాలి. ప్రొఫెసర్‌గా రెండు పులిట్జర్లు వచ్చాయి, రెండోది 1968లో జ్ఞాపకాలకు. కానీ ఆయన్నే అడిగితే పుస్తకాలు చూపించి ఊరుకునేవారు కాదు. 1997లో, తొంభై మూడేళ్లు నిండబోతుండగా, నాటోను రష్యా సరిహద్దుల వైపు విస్తరించడం ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక అమెరికా చేయబోయే అతిపెద్ద తప్పు అని న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. 2002లో తొంభై ఎనిమిదేళ్లకు ఇరాక్ మీదికి వెళ్లొద్దని విలేకరులను పిలిచి చెప్పారు, యుద్ధం మొదలుపెట్టేటప్పుడు ఉన్న ఉద్దేశం చివరిదాకా ఉండదు, ఎక్కడ తేలుతారో మీకే తెలియదు అని. మరుసటేడు అమెరికా వెళ్లనే వెళ్లింది. 2005 మార్చి 17న ప్రిన్స్‌టన్‌లో నూటొక్కేళ్ల వయసులో కెన్నన్ చనిపోయారు. నాటో సంగతి ఆయన చెప్పినట్టే అయిందా లేదా అన్నది ఉక్రెయిన్ యుద్ధం తరవాత ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, నేను కాస్త ఆయన వైపే. ఒప్పుకోనివాళ్లు వెనక వరసలో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అటు ఇవ్వండి.